మార్చిన మేకలు

మా అత్తవారింట్లో ఎవరి స్థానం ఏమిటో తెలుసుకోవడానికి పెళ్ళయ్యాక నాకు పది రోజులు కూడా పట్టలేదు. అందరికంటే పైన పిల్లి. దాని కింద సాంచాలు, అంటే పవర్‌లూములు. వాటి కింద మా మామ, అత్తమ్మ, వాళ్ళ కొడుకు. ఆ తర్వాత మేకలు. మేకల తర్వాత నేను. ఇందులో అన్యాయం ఏమీ లేదు. మేకలు నాకంటే ఆరు నెలలు ముందు ఆ ఇంటికి వచ్చాయి.

ఇది తొంభైల చివరి సంవత్సరాల మాట. మా ఇల్లు భివండీలో, పద్మనగర్‌లో. ముందు రెండు ఖోలీలు, అంటే గదులు, వాటి వెనక రేకుల షెడ్డులో ఆరు సాంచాలు, ఆ షెడ్డు వెనక గోడకూ మురుగు మోరీకీ మధ్య రెండు మంచాలు పట్టేంత జాగా. ఆ జాగాలో రెండు మేకలు. చుట్టూ వాడంతా సాంచాల చప్పుడుతో అదిరిపోతుంటే మధ్యలో మేకలెందుకని కొత్తలో తెలియక నేనూ అడిగాను. కొడుక్కి కొడుకు పుడితే మేకపోతును ఇస్తానని అత్తమ్మ పోచమ్మకు మొక్కుకుందట. మొక్కితే మొక్కింది, అందులో ఒక షరతు కూడా తనే పెట్టుకుంది. బజారులో కొన్న పోతు కాదు, తన దొడ్లో పుట్టిన పోతునే ఇస్తానంది. సిరిసిల్లలో వాళ్ళమ్మ అట్లాగే ఇచ్చేదట. సిరిసిల్లలో దొడ్డి ఉంది, పద్మనగర్‌లో మోరీ ఉంది. పోచమ్మ ఆ తేడా పట్టించుకోదని అత్తమ్మ నమ్మకం.

పిల్లి సంగతి చెప్పాలి. సాంచా మీదికి ఎక్కే పడుగు నూలుకు గంజి పట్టించి ఉంటుంది. ఆ గంజి రుచి మరిగిన ఎలుక ఒక్క పూటలో పడుగు చుట్టిన బీము మీది పోగులన్నీ కొరికి పారేస్తుంది. తెగిన పోగులు ముడేసుకుంటూ కూర్చుంటే ఇక ఆ రోజుకు నేత లేనట్టే. అందుకని మా వాడలో కార్ఖానాకో పిల్లి ఉండేది. మాది బూడిదరంగు ఆడపిల్లి. దానికి పొద్దున పాలు, మధ్యాహ్నం చేప తలకాయ. అది ఎక్కడ పడుకుంటే అక్కడి నుంచి దాన్ని లేపకూడదు. ఒకసారి పొయ్యి దగ్గర పడుకుందని చీపురు ఎత్తాను.

"పిల్లిని సంపితె కాశిల బంగారు పిల్లిని దానమియ్యాలె. మీ నాయిన ఇస్తడా?" అంది అత్తమ్మ.

మా నాన్న టెంఘర్‌లో వేరేవాళ్ళ కార్ఖానాలో సాంచాలు నడిపేవాడు. బంగారు పిల్లి గురించి ఆయన్ని ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక చీపురే దించాను. పిల్లి కళ్ళు కూడా తెరవలేదు.

కార్ఖానాలో రోజూ గంపెడు చిండీ తేలుతుంది. తెగిన నూలు ముక్కలు, దూది పీచు, మగ్గం కింద రాలిన ధూళి, అంతా కలిపి చిండీ. అందరూ దాన్ని గోనెల్లో కుక్కి అమ్ముకుంటారు. మా అత్తమ్మ మాత్రం కొంత తీసి మేకల కింద పరిచేది. నేల తడి తగలకుండా, చలి పట్టకుండా ఉంటుందని ఆమె సొంత ఆలోచన. మా మేకలు పడుకున్నంత మెత్తగా ఆ ఇంట్లో మనుషులెవరూ పడుకోలేదు. పిల్లికీ ఆ చిండీ బాగా నచ్చింది. ఇసుక వెతుక్కునే శ్రమ లేకుండా తన పని అక్కడే కానిచ్చుకొని, కాళ్ళతో పద్ధతిగా కప్పిపెట్టి వెళ్ళేది. ఈనడానికి మాత్రం ఇంకా మంచి చోటు చూసుకుంది. మేకల గడ్డి, ఆకులు వేసే వెదురు గంపలో ముగ్గురు పిల్లల్ని పెట్టింది. గంప కదిలిద్దామంటే అత్తమ్మ ఒప్పుకోలేదు.

"బాలింతరాలు. దాని జోలికి పోకు. పక్కపొంట గడ్డి తీసి మ్యాకలకు ఎయ్యి," అంది.

పక్క నుంచే తీసి వేశాను. అత్తమాట జవదాటని కోడలినని అప్పట్లో నాకు పేరుండేది.

పెళ్ళయిన ఏడాదికి నాకు నెల తప్పింది. అప్పటికి మేకలు రెండూ చూడితో ఉన్నాయి. అబద్ధం ఎందుకు చెప్పాలి, అత్తమ్మ ఆ రోజుల్లో నన్ను బాగా చూసుకుంది. వరాలా తలావ్ చెరువు దగ్గర ఉన్న మా అమ్మ వస్తే తనే చాయ్ పెట్టి ఇచ్చింది. బిందె ఎత్తనివ్వలేదు. ఒకట్రెండు నెలల పాటు నా స్థానం మేకలకంటే పైకి జరిగింది. మేకల కింద శుభ్రం చేసే పని మాత్రం నాదే, ఎందుకంటే అది బరువు పని కాదు.

నాకు మూడో నెల నడుస్తుండగా ఒక మేక ఈసుకపోయింది. పశువులకు నెలలు నిండకుండా కడుపు పోతే మావైపు అట్లా అంటారు. నాలుగు రోజులకు రెండోదీ ఈసుకపోయింది. మొదటి దానికి వెంట్రుకలన్నీ వచ్చిన పిల్ల, చచ్చి పుట్టింది. రెండో దాని కడుపులోంచి ఒకటి చచ్చినది, ఇంకొకటి ఎప్పుడో ఎండి గోధుమరంగుకు తిరిగినది బయటికి వచ్చాయి. మేకలకు జ్వరం లేదు, మేత మానలేదు, ముందురోజు దాకా గంతులేశాయి. అదంతా ఎత్తి గోనెలో వేసింది నేనే, ఉత్త చేతులతో. మాయ మీద బొంబాయి రవ్వ చల్లినట్టు తెల్లటి చుక్కలున్నాయి. అవి నాకు బాగా గుర్తు, ఎందుకంటే ఆ తర్వాత చాలా కాలం ఉప్మా తినలేకపోయాను.

పిల్లలు పోయినా మేకలకు పాలు పడ్డాయి. అత్తమ్మ ఆ పాలు నాకు పెట్టింది. పొద్దున్నే పితికి, నురగ ఆరకముందే, పొదుగు వేడి మీద గ్లాసు నా చేతికి ఇచ్చేది.

"కాగబెడ్త అత్తమ్మా," అన్నాను మొదటి రోజు.

"కాగబెడితె సత్తువంత పోతది. మేమంత గట్లనే తాగినం. తాగు బిడ్డా."

ఆమె నన్ను బిడ్డా అని పిలిచింది ఆ నెల రోజులే. ఆ పిలుపు కోసమైనా కళ్ళు మూసుకొని తాగాను. తర్వాత కొద్ది వారాలకు నాకు సన్నగా జ్వరం వచ్చింది. మెడ కింద బిళ్ళలు కట్టాయి. గల్లీ డాక్టరు తన దగ్గరున్న సూది వేశాడు. కాలు బెణికినా, కడుపు నొప్పైనా ఆయన వేసేది ఆ ఒక్క సూదే కాబట్టి తేడా ఏమీ రాలేదు. జ్వరం దానంతట అదే పోయింది. ఐదో నెలలో నా బిడ్డ కూడా పోయింది.

దాని గురించి వెటకారంగా రాయడం నాకు చేతకాదు. మగపిల్లవాడు. నాకు చూపించలేదు, అమ్మ చూసింది. నేను చాలా రోజులు ఏడ్చాను, సాంచాలు నడుస్తుంటే ఎవరికీ వినపడదు కాబట్టి గట్టిగానే ఏడ్చాను.

మూడో రోజునో నాలుగో రోజునో పక్కింటావిడ పలకరించడానికి వచ్చింది. నేను లోపల పడుకొని ఉన్నాను. బయట అత్తమ్మ ఆమెతో చెబుతోంది.

"మొదలు మ్యాకలు ఈసుకపోయినయి. ఇప్పుడు మా కోడలు ఈసుకపోయింది. గీమె కాలు వెట్టిన యాల్ల ఎట్లాంటిదో ఏమో."

ఆ మాట మనుషులకు వాడరు. కావాలని అన్నదని కూడా నేను అనను. మేకల సంగతి, నా సంగతి ఆమె బుర్రలో ఒకే గంపలో పడ్డాయి, అంతే. ఆ తర్వాత ఆమె తీర్పు ఇట్లా తయారైంది: నా కాలు మంచిది కాదు కాబట్టి మేకలు ఈసుకపోయాయి, మేకలు ఈసుకపోయాయి కాబట్టి మొక్కు చెల్లే దారి మూసుకుపోయింది, మొక్కు చెల్లదని పోచమ్మకు కోపం వచ్చింది కాబట్టి నా కడుపు పోయింది. ఎటు తిప్పినా నా దగ్గరికే వచ్చి ఆగేది.

ముందుగా మేకలను మార్చారు. ఒకసారి ఈసుకపోయిన మేక ఇక అచ్చిరాదని అత్తమ్మ లెక్క. రెండింటినీ కసాయికి ఇచ్చేసి, కళ్యాణ్ వైపు బజారు నుంచి వేరే రెండు చూడి మేకలను రిక్షాలో ఎక్కించుకొని వచ్చారు మామ. వాటికి పసుపు బొట్లు పెట్టి, కుడికాలు ముందు పెట్టించి లోపలికి తెచ్చారు. నాకు అంత మర్యాద జరిగినట్టు గుర్తులేదు. అప్పటికి మా పిల్లి మళ్ళీ ఈని, గంప మళ్ళీ నిండింది. కొత్త మేకలకు అదే గంప పక్క నుంచి గడ్డి తీసి వేశాను. రెండు నెలలు తిరక్కుండా ఒకటి ఈసుకపోయింది. రెండోది నెలలు నిండాక ఈనింది కానీ ఆ పిల్ల లేచి నిలబడలేక, పాలు గుంజలేక మూడో రోజు చచ్చింది. వాటినీ మార్చారు. ఈసారి ఒక్కదాన్నే తెచ్చారు, నల్లది, తెల్ల చెవులది. మామకు కూడా కాస్త అనుమానం మొదలైంది అనుకుంటాను, అయితే అనుమానం మేకల బజారు మీదే.

ఈ మధ్యలో నన్ను మార్చే ఆలోచన కూడా మొదలైంది. ఒకరోజు బియ్యంలో రాళ్ళు ఏరుతూ అత్తమ్మ నాతోనే చెప్పింది. దాచుకునే అలవాటు ఆమెకు లేదు.

"మా తమ్ముని బిడ్డ ఉన్నది సిరిసిల్లల. అడిగి సూస్తమనుకుంటున్న. నిన్ను పొమ్మంటలేం. ఉంటె ఉండు. లేదంటే మీ అమ్మగారిల్లు దగ్గర్నే ఉండె గద."

నిజమే, దగ్గరే. నడిస్తే పావుగంట. మేకల్లాగా నాకు కసాయి దుకాణం లేకుండా, వరాలా తలావ్ గట్టున ఒక తల్లి ఇల్లు ఉండటం నా అదృష్టం. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు తిండి సయించలేదు. పద్మనగర్‌లో ఇంటికి వచ్చిన కోడలు తిరిగి వెళ్తే ఎందుకని ఎవరూ అడగరు, ఏం లోపమని అడుగుతారు. మా ఆయన్ని అడిగాను, నువ్వేమంటావని. ఆయన సాంచా మీద వంగి పోగు అతుకుతున్నాడు.

"సూద్దాం," అన్నాడు.

ఆయన పెళ్ళిచూపుల్లోనూ అదే మాట అన్నాడు. అప్పుడు సిగ్గు అనుకున్నాను.

అత్తమ్మ తమ్ముడు ఒక శుక్రవారం పొద్దున దిగాడు. శుక్రవారం మా ఊళ్ళో సాంచాలకు సెలవు, కరెంటు ఉండదు. ఆరు రోజుల చప్పుడు ఆగిపోతే ఆ రోజు చెవుల్లో ఏదో తప్పిపోయినట్టు ఉంటుంది. ఆయన వయసులో ఉన్నప్పుడు పదేళ్ళు భివండీలోనే మరాఠీ వాళ్ళ కార్ఖానాలో సాంచాలు నడిపి, తర్వాత సిరిసిల్లకు తిరిగి వెళ్ళిపోయిన మనిషి. కాళ్ళు కడుక్కొని మంచం మీద కూర్చున్నాడో లేదో వెనక నుంచి నల్లమేక మూలుగు వినిపించింది. వెళ్ళి చూస్తే అదీ ఈసుకపోయింది.

అత్తమ్మ ముఖం పాలిపోయింది. సంబంధం మాట్లాడటానికి వచ్చిన తమ్ముడి ముందే ఇట్లా జరిగితే ఇల్లు అచ్చిరానిదని అనుకోడా. పైగా పోచమ్మ. అప్పుడు గానీ డాక్టరును పిలవాలని ఎవరికీ తోచలేదు. నాకు కడుపు పోయినప్పుడు రిక్షా దొరకడానికి గంట పట్టింది. మేక కోసం మామ పావుగంటలో డాక్టరును వెంటబెట్టుకొని వచ్చారు. టెంఘర్ వైపు తబేలాల్లో బర్రెలకు వైద్యం చేసే మరాఠీ డాక్టరు ఆయన. ముసలివాడు, చెప్పులు విప్పకుండా నేరుగా మోరీ దగ్గరికి వెళ్ళాడు.

అత్తమ్మకు మరాఠీ రాదు. ముప్పై ఏళ్ళు భివండీలో ఉన్నా పద్మనగర్‌లో పుట్టుక నుంచి దినకర్మ దాకా అంతా తెలుగులోనే జరిగిపోతుంది. కూరగాయల బేరానికి సరిపోయే హిందీ ఉంది, మామదీ అంతే. నేను ఇక్కడే పుట్టి పదో తరగతి దాకా మరాఠీ బడిలో చదివాను. మా ఆయనా అదే బడి, ఏడో తరగతి దాకా. ఆయన గోడకు ఆనుకొని నిలబడ్డాడు కాబట్టి డాక్టరు మాటలు తెలుగులో చెప్పే పని నాకు వచ్చింది.

డాక్టరు చేతులకు ప్లాస్టిక్ సంచులు తొడుక్కొని మాయను తిప్పి చూశాడు. తెల్లటి చుక్కల్ని కర్రపుల్లతో చూపించాడు. ఇంతకుముందు ఎన్ని పోయాయని అడిగాడు. చెప్పాను. ఆ మేకలేవి అని అడిగాడు. కసాయికి ఇచ్చామని చెప్పాను. ఆయన నుదురు కొట్టుకోబోయి, చేతికి ఏముందో గుర్తొచ్చి ఆగిపోయాడు. తర్వాత గడ్డి గంప వైపు చూశాడు. గంపలో మా మహారాణి నాలుగో కాన్పు పిల్లలకు పాలిస్తోంది.

"పిల్లి," అన్నాడు.

ఆ తర్వాత చెప్పిందంతా నేను ముక్కముక్కగా తెలుగు చేశాను. దాన్ని టాక్సోప్లాస్మా అంటారు. కంటికి కనిపించని పురుగు. ఎలుకను తిన్న పిల్లికి వస్తుంది, ముఖ్యంగా మొదటిసారి వేట తిన్న కూనలకు. పిల్లికి ఏమీ కాదు. కానీ కొన్ని రోజుల పాటు దాని మలంలో ఆ పురుగు గుడ్లు వస్తాయి. అవి తడి నేలలో నెలల తరబడి చావవు. గడ్డితో పాటు గొర్రె తిన్నా మేక తిన్నా దాని ఒంటికి తెలియదు, కడుపులో పిల్లకు తగులుతుంది. నమూనా బొంబాయి పంపి చూపిస్తాననీ, చూపించకపోయినా తనకు తెలుస్తూనే ఉందనీ అన్నాడు.

ఎలుకల కోసం పిల్లిని పెంచితే, ఎలుకలో ఉన్నదాన్ని పిల్లి మేకలకు పంచిపెట్టిందన్న మాట. అందరూ గంప వైపు చూశారు. మామ మాత్రం సాంచాల వైపు చూశారు.

"పిల్లి లేకుంటె ఎలుకలెట్ల?" అన్నారు.

పిల్లిని చంపాల్సిన పని లేదని డాక్టరు చెప్పాడు. గడ్డి మూత ఉన్న డబ్బాలో పెట్టండి, ఆ చిండీ పరుపు తీసి పారేయండి, పాలు కాగబెట్టి తాగండి, కడుపుతో ఉన్న ఆడవాళ్ళను ఇక్కడికి రానివ్వకండి. ఇవి చెప్పి, నల్లమేక మెడ మీద తట్టాడు. దీన్ని మాత్రం అమ్మవద్దన్నాడు. ఒకసారి ఈ దెబ్బ తిన్న మేకకు ఒంట్లో బలం వస్తుంది, మామూలుగా మళ్ళీ దీనివల్ల కడుపు పోదు. ఈ ఇంట్లో పనికొచ్చే మేకలంటే ఆ పోయినవే. ఉంచుకోవాల్సిన వాటిని అమ్మేసి, ప్రతిసారీ పోగొట్టుకోబోయే వాటిని కొని తెచ్చారు మీరు, అన్నాడు.

అది నేను తెలుగులో చెబుతుండగానే ఆయన ఇంకో ప్రశ్న అడిగాడు. ఇంట్లో ఆడవాళ్ళు ఎవరికైనా కడుపు పోయిందా? ఆ ప్రశ్నను నేను తెలుగు చేయలేదు. "నాకు," అన్నాను మరాఠీలోనే. పచ్చి పాలు తాగావా, ఇవన్నీ ఎత్తింది నువ్వేనా అని అడిగాడు. అవునన్నాను. ఆయన చేతి సంచులు విప్పుతూ చెప్పాడు. నేను పశువుల డాక్టరును, ఆడవాళ్ళ సంగతి చెప్పకూడదు. లేడీ డాక్టరు దగ్గర రక్తం చూపించుకో. ఇదే గనక అయి ఉంటే నీకూ అంతే, ఒకసారి వచ్చి పోయింది, మళ్ళీ రాదు. ఈ ఇంటికి కొత్తగా వచ్చే మనిషికే భయం. మీ అత్తగారికి ఈ మాట చెప్పు.

నా తరఫు వాదన నేనే తెలుగులో వినిపించాల్సి వచ్చింది. సిగ్గు విడిచి చెప్పాను.

"అత్తమ్మా, ఒకసారి పోయిన మ్యాకకు మల్ల పోదంటున్నడు. కొత్తగ తెచ్చినదానికే పోతదంట. మనిషికి గూడ గంతేనంట. నాకు గూడ."

అత్తమ్మ నా ముఖంలోకి చూసింది.

"గిది డాక్టరు మాటనా, నీ మాటనా?"

"డాక్టరు మాటనే."

ఆమె నమ్మలేదు. ఆమె చోట నేనున్నా నమ్మేదాన్ని కాదేమో. సరిగ్గా తమ్ముడు వచ్చిన రోజే, సరిగ్గా నాకు పనికొచ్చే మాటే ఆ డాక్టరు ఎందుకు అంటాడు. గోడకు ఆనుకొని ఉన్న కొడుకు వైపు తిరిగింది.

"ఏంరా, నువ్వు మరాఠీ సదివినవు గద. గట్లనే అన్నడా?"

డాక్టరు నల్లా దగ్గర సబ్బుతో చేతులు కడుక్కుంటున్నాడు. మా ఆయన డాక్టరుకు రెండు అడుగుల దూరంలో నిలబడి అంతా విన్నాడు. కొత్తగా వచ్చే మనిషికే భయం అన్నప్పుడు ఆయన తల ఎత్తడం నేను చూశాను. ఇప్పుడు మేక వైపు చూస్తూ అన్నాడు.

"నేను సరిగ ఇనలేదమ్మా."

నాకు ముందు కోపం రాలేదు. చెప్పులు లేకుండా నడిరోడ్డు మీద నిలబెట్టినట్టు అనిపించింది. ఇంత జరిగినా ఆయన్ని నమ్ముకునే ఉన్నానని అప్పుడే తెలిసింది, ఆ నమ్మకం పోయాక.

అప్పుడు షెడ్డు వెనక గుమ్మం దగ్గర మంచం వేసుకొని చాయ్ తాగుతున్న మా ఆయన మేనమామ గొంతు సవరించుకున్నాడు. నా స్థానంలోకి తన కూతుర్ని పంపడానికి వచ్చిన మనిషి.

"అక్కా, నేనిన్న. గట్లనే అన్నడు."

"ఏమన్నడు?"

"కోడలు జెప్పిందే అన్నడు. పాతదానికి మల్ల కాదు, కొత్తదానికే అయితది. ఉన్నమాట." ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "మ్యాకపాలదా గిది?"

"బర్రెపాలది. కాగినయే," అన్నాను నేను.

అయినా మళ్ళీ ఎత్తలేదు. అత్తమ్మ ఏదో అనబోతే చేయి అడ్డం పెట్టాడు.

"నా బిడ్డ కొత్తది గదనే. గీ గంప, గీ పిల్లి ఉండంగ దాన్ని ఈడికి ఎట్ల తోల్త? సక్కగున్న కోడలున్నది, దాన్ని సూస్కోండ్రి."

నాకు న్యాయం చేద్దామని ఆయన ఆ మాట అనలేదు. తన కూతుర్ని కాపాడుకోవడానికి అన్నాడు. తన మనిషి అనుకున్న వాళ్ళ కోసం నోరు తెరిచిన మగవాణ్ణి ఆ ఇంట్లో అదే మొదటిసారి చూశాను. ఎవరి మనిషి కోసం తెరిస్తేనేం, నా ఇల్లు నిలబడింది. కోడికూర పొయ్యి మీద ఉండగానే, ఆకలి లేదని చెప్పి, మధ్యాహ్నం బస్సుకే వెళ్ళిపోయాడు.

తర్వాతి సంగతులు ముందే చెప్పేస్తాను. పిల్లి ఎక్కడికీ పోలేదు. దానికి వేరే గోనె పట్టా, ఒక తట్టలో ఇసుక ఏర్పాటు చేశారు. గడ్డి మూత డబ్బాలోకి వెళ్ళింది, చిండీ పరుపు పోయింది, మేకల దగ్గర శుభ్రం చేసే పని మామకు వచ్చింది. ఆయన ఆ పని చేస్తూ ముక్కు మూసుకోవడం చూసి నేను పొందిన ఆనందం రాయడం మర్యాద కాదు. డాక్టరు అన్నట్టే బొంబాయి నుంచి కాగితం వచ్చింది, ఆ పురుగేనని. నల్లమేకను అమ్మలేదు. మరుసటి ఏడాది అది కవల పిల్లల్ని ఈనింది, రెండూ గంతులేశాయి, రెండూ ఆడవే. ఆ తర్వాత ఆరు నెలలకు నాకు కూతురు పుట్టింది. పోచమ్మ చేతికి పోతు అందలేదు. అత్తమ్మ గుడికి వెళ్ళి గడువు అడిగి వచ్చింది. మనవరాలిని మాత్రం కింద పెట్టకుండా ఎత్తుకుంది, పాలు మూడు పొంగులు వచ్చేదాకా కాచింది. నా కాలు మంచిదని వాడంతా చెప్పింది. నేను అడ్డు చెప్పలేదు.

ఇక మా ఆయన సంగతి.

ఆ శుక్రవారం సాయంత్రమే నేను ఒక సంచిలో రెండు చీరలు పెట్టుకొని అమ్మవాళ్ళింటికి వచ్చేశాను. ఎవరూ పొమ్మనలేదు. అమ్మ నన్ను లేడీ డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళింది. రక్తం చూసి, ఆ జబ్బు వచ్చి పోయిన ఆనవాలు ఉందనీ, నీ బిడ్డ పోవడానికి అదే కారణమని గట్టిగా చెప్పలేను కానీ కావచ్చనీ, మళ్ళీ కడుపు నిలబెట్టుకోవడానికి భయం అక్కర్లేదనీ ఆమె చెప్పింది. ఆ కాగితాన్ని చాలాసార్లు చదువుకున్నాను. నా కాలు గురించి అందులో ఏమీ రాసిలేదు.

పదో రోజు సాయంత్రం ఆయన వచ్చాడు. మా అమ్మకు సీతాఫలాలు తెచ్చాడు. ఇద్దరం వరాలా తలావ్ గట్టు మీద నడిచాం. జనం తిరుగుతున్నారు, పిల్లలు బఠాణీలు తింటున్నారు. ఆయన చాలాసేపు కార్ఖానా ముచ్చట్లు చెప్పాడు. కొత్త బీము వచ్చిందట, మూడో సాంచా మొరాయిస్తోందట. నేను ఆగిపోయాను.

"ఒక్కటి జెప్పు. ఆ రోజు డాక్టరు మాట నువ్వు ఇన్నవా, ఇనలేదా?"

ఆయన నీళ్ళ వైపు చూశాడు. అబద్ధం చెప్పలేదు, అది ఆయనలో మంచి గుణం.

"ఇన్న."

"అంత?"

"అంత ఇన్న."

"మరి గట్లెందుకన్నవు?"

"అమ్మ ముందట ఎట్ల జెప్పాలె?" అన్నాడు, నాకు ఆ మాత్రం తెలియదా అన్నట్టు.

నేను ఆయనతో వెనక్కి వచ్చేశాను. ఆయన మంచివాడని పద్మనగర్ అంతా అంటుంది, నేనూ అంటాను. తాగడు, చేయెత్తడు, కూతుర్ని కళ్ళల్లో పెట్టుకొని పెంచాడు. సాంచాలు అమ్మేశాక కూడా నా చేతికి ఏదీ తక్కువ చేయలేదు. అత్తమ్మ చివరి రోజుల్లో నేనే చూసుకున్నాను, ఆమె మీద నాకు కోపం లేదు. ఆమెకు మరాఠీ రాదు. ఆయనకు వచ్చు.